కాలికి కట్టిన తాడు

జూలూరుపాడు దాటి అడవి అంచుకు పోతే, అక్కడ పొలాలున్న రైతు ఎవరైనా సరే, బానోతు లాలు గురించి ఒకే మాట చెప్పేవాడు. ఆ మనిషికి నిద్రంటే ఏమిటో తెలియదని. మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో అడవి పందులు మందలుగా దిగుతాయి. ఒక్క రాత్రి కాపలా మనిషి కునుకు తీస్తే చాలు, తెల్లారేసరికి చేనంతా నేలకరిచి ఉంటుంది. కానీ లాలు కాపలా ఉండే వెంకటప్పయ్యగారి చేలో మాత్రం ఒక్క కంకి రాలేది కాదు. రాత్రి పొడుగునా అక్కడ డబ్బాలు మోగుతూనే ఉండేవి.

ఆ డబ్బాల ఏర్పాటు అందరికీ తెలిసిందే. చేను చుట్టూ కర్రలు పాతి, వాటి మీదుగా తాడు లాగి, ఆ తాడుకు ఖాళీ నూనె డబ్బాలూ పగిలిన సీసాలూ వేలాడదీస్తారు. తాడు కొస మంచె మీదికి వస్తుంది. కాపలా మనిషి దాన్ని లాగితే డబ్బాలు మోగుతాయి, పందులు బెదురుతాయి. మిగతా వాళ్ళు కాసేపు చేత్తో లాగి, చెయ్యి నొప్పి పుట్టగానే వదిలేసి గుర్రు పెడతారు. లాలుది వేరే పద్ధతి. అతను తాడు కొసను కుడి కాలి చీలమండకు కట్టుకుని పడుకునేవాడు. పంది తాడుకు తగిలితే కాలు గుంజుతుంది, మెలకువ వస్తుంది, లేచి అరవొచ్చు అని అతని లెక్క. లెక్క బాగానే కుదిరింది. కాలు గుంజినప్పుడల్లా సగం నిద్రలో లేచి "హోయ్" అని ఒక కేక వేసి, మళ్ళీ వాలిపోయేవాడు. తెల్లారి చూస్తే చేలో ఒక్క అడుగు జాడ ఉండేది కాదు. తన కేకకే పారిపోయాయని మీసం దువ్వుకునేవాడు.

రాత్రంతా తాడు గుంజే పంది నేల మీద గిట్ట ఆనించకుండా ఎలా వచ్చి పోతోందని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. చేను బాగుంటే అడగాల్సిన పని ఎవరికుంటుంది? వెంకటప్పయ్యగారు అసలే అడగరు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొలం కొన్నాడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే, మాటలో మాత్రం ఆ వైపు యాస కాస్త మిగిలింది. పందులకు కరెంటు తీగ పెట్టి మనుషుల్ని చంపుకున్న పొలాల కథలు విని ఆయనకు భయం. అందుకే లాలు అంటే ప్రాణం. "మా లాలు ఉన్నాడంటే నేను ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకుంటా" అని పది మందిలో చెప్పేవారు.

లాలు కాళ్ళ సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు.

పందులు పంట ఉన్నప్పుడే వస్తాయి కదా, మరి ఆ మనిషి వానాకాలం, ఎండాకాలం అని లేకుండా మంచె మీదో మోటారు షెడ్డులోనో ఎందుకు పడుకుంటాడు? చేను గట్టు మీద నిలబడి చూస్తే తండా దీపాలు కనిపిస్తాయి. ఆ దీపాల్లో ఒకటి అతని ఇంటిదే. ఆ ఇంట్లో అతని భార్య మంగ్లి ఉంటుంది. ఒక్కగానొక్క కూతురు కళ్యాణి పెళ్ళయి బోనకల్ వైపు పోయింది. మొగుడు చేలో, పెళ్ళాం ఇంట్లో. మధ్యలో ఒక వాగు, రెండు పత్తి చేలు. విడాకులు లేవు, కొట్లాట లేదు. తండాలో పెళ్ళిళ్ళప్పుడు ఇద్దరూ వస్తారు, చెరో పక్కన కూర్చుని తినేసి పోతారు. ఏడెనిమిదేళ్ళుగా ఇదే వరస.

మొదలైంది ఒక తన్నుతో. పెళ్ళయిన చాలా ఏళ్ళ దాకా లాలు మంచం మీద కట్టెలా పడుకునేవాడు. తర్వాత తర్వాత రాత్రుళ్ళు మంగ్లికి పిక్కల మీద దెబ్బలు తగలడం మొదలైంది. తెల్లారి లేస్తే కాళ్ళ మీద నల్లగా కమిలిన మచ్చలు. మిరపకాయ ఏరడానికి పోయినప్పుడు తోటి ఆడవాళ్ళు చూసి నవ్వేవారు. మొదట్లో తానూ నవ్వింది. ఆ ఏడు కళ్యాణి పెళ్ళి విషయంలో మొగుడూ పెళ్ళాలకు మాట పట్టింపు వచ్చింది. మంగ్లి చెప్పిన సంబంధం లాలుకు నచ్చలేదు. పగలంతా ఒక్క మాట మాట్లాడకుండా ముఖం ముడుచుకుని తిరిగాడు. ఆ రాత్రే మంగ్లిని మంచం మీంచి కింద పడేలా తన్నాడు. నడుము పట్టేసి ఆమె వారం దాకా సరిగ్గా వంగలేకపోయింది.

"నోట్లున్న మాటను కాలుతోని చెప్పినవ్" అంది మంగ్లి. కాలు తగిలితేనే కళ్ళకద్దుకునే మనుషుల మధ్య, కట్టుకున్నవాడు కాలెత్తి తన్నాడంటే ఏ ఆడది ఊరుకుంటుంది? తండా పెద్ద చందూలాల్ నాయక్ ముందు పంచాయతీ పెట్టింది.

ఆ తండా పంచాయతీకి ఒక పద్ధతి ఉంది. తప్పు చేసినవాడు నలుగురి ముందు నిలబడి, చేసిన పనిని తన నోటితో చెప్పాలి. చెప్పాడా, అక్కడితో సరి. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. లాలును నిలబెట్టి అడిగారు. "తన్నలే" అన్నాడు లాలు. "పండుకున్న. నాకేం తెల్వదు."

"నిద్రల తన్నెటోనివి అవతల గోడ ఉండంగ గోడను తన్నకపోతివి, పెండ్లాన్నే ఎట్ల తన్నినవ్ రా?" అన్నాడు చందూలాల్. అందరూ పగలబడి నవ్వారు. లాలు ముఖం కందగడ్డయింది. తన్నినట్టు ఒప్పుకుంటే తాను పెళ్ళాన్ని తన్నే మనిషినని ఒప్పుకున్నట్టే. అతను ఆ రకం మనిషి కాదు, ఆ సంగతి తనకు తెలుసు. ఎంత అడిగినా "తన్నలే" అన్న మాటే పట్టుకున్నాడు. మంగ్లికి ఆ మాట ఇంకోలా వినిపించింది. నువ్వు అబద్ధమాడుతున్నావని నలుగురిలో మొగుడు అన్నట్టు వినిపించింది. లేచి ఇంటికి పోయింది. ఆ సాయంత్రమే లాలు దుప్పటి భుజాన వేసుకుని మంచె ఎక్కాడు.

ఎక్కినవాడు దిగలేదు. మొదట్లో ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారనుకున్నాడు. ఎవరూ రాలేదు. మూడు రాళ్ళ పొయ్యి మీద రొట్టె కాల్చుకోవడం, పచ్చిమిరపకాయ ఉప్పులో అద్దుకుని తినడం, గిన్నె వాగులో తోముకోవడం అలవాటయింది. మాట్లాడే మనిషి లేక, పొద్దున లేస్తే మోటారుతో మాట్లాడేవాడు. "ఏందే, పడతలేవా ఇయ్యాల?" అని. కళ్యాణి ఫోన్ చేసి "అమ్మ దగ్గరికి పోరాదు నాయినా" అనేది. "పోత తియ్" అనేవాడు. ఫోన్ పెట్టేశాక తండా వైపు చూసేవాడు. ఆ ఇంటి దీపం ఆరేదాకా చూసి, అప్పుడు, చేలో పంట ఉన్నా లేకున్నా, కాలికి తాడు కట్టుకునేవాడు. చాలా దిగులుగా ఉండేది అతనికి. దాన్ని దిగులు అనుకోవడం కూడా చేతకాక, ఒళ్ళు బాగుండటం లేదనుకునేవాడు.

ఒళ్ళూ బాగుండటం లేదు, అదీ నిజమే. పొద్దు గూకేసరికి పిక్కల్లో చీమలు పాకినట్టుండేది. కాళ్ళు కుదురుగా పెట్టుకోలేక చేను చుట్టూ తిరిగేవాడు. చూసినవాళ్ళు "అబ్బ, ఏం కాపలా!" అనేవారు. రాత్రంతా పడుకున్నా పగలు కళ్ళు మూతలు పడేవి. సంతలో నిలబడి నిద్రపోయేవాడు. తింటూ తింటూ చేతిలో ముద్ద చేతిలోనే ఉండగా నిద్రపోయేవాడు. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒకాయన "మంచిగ నిద్ర పడతది" అని జలుబుకు వాడే గోలీలు ఇచ్చాడు. వాటితో కాళ్ళ పీకుడు ఇంకా ఎక్కువైంది. లాలు ఇంకో గోలీ వేసుకున్నాడు.

ఒక రోజు యూరియా కోసం వెంకటప్పయ్యగారి బండి వెనక కూర్చుని జూలూరుపాడు పోతున్నాడు. మూల మలుపు దగ్గర వెనక బరువు తేలికైనట్టనిపించి వెంకటప్పయ్యగారు తిరిగి చూశారు. లాలు లేడు. రోడ్డు పక్క మట్టిలో పడి ఉన్నాడు. భుజం గీరుకుపోయింది, ఇంకా సగం నిద్రలోనే ఉన్నాడు. ఎదురుగా వచ్చిన బొగ్గు లారీ కొంచెం పక్కకు తప్పుకుని పోయింది. వెంకటప్పయ్యగారు బండి ఆపి పరుగెత్తుకొచ్చి లేపారు. "నా చేను కోసం మేలుకుని మేలుకుని చచ్చేట్టున్నావయ్యా" అని యూరియా సంగతి మానేసి, అదే బండి మీద ముందు కూర్చోబెట్టుకున్నంత పని చేసి పెద్ద దవాఖానాకు తీసుకుపోయారు.

డాక్టరమ్మ పేరు నాగలత. భుజానికి కట్టు కట్టించి, కళ్ళ కింద రెప్పలు లాగి చూసి, "రాత్రి నిద్ర పడతదా?" అని అడిగింది.

"నిద్రేంటి డాక్టరుగారూ, రాత్రంతా డబ్బాలు మోగిస్తూ మేలుకునే ఉంటాడు" అన్నారు వెంకటప్పయ్యగారు.

"నేను ఆయన్ని అడిగిన."

"పండుకుంటనమ్మా" అన్నాడు లాలు తల వంచుకుని. "పొద్దు గూకంగనే పండుకుంట. ఎంత పండుకున్నా నిద్ర తీరది."

వెంకటప్పయ్యగారు పక్కనున్న బల్ల మీద కూర్చున్నారు. ఇన్నేళ్ళుగా పది మందిలో చెప్పుకున్న గొప్పంతా ఆ బల్ల మీద కూలబడింది. పాపం, ఆయనకు కోపం తెచ్చుకోవాలో జాలి పడాలో తెలియలేదు.

"నిద్రల నీ కాళ్ళు ఎట్లుంటయి? కదులుతయా?" అంది డాక్టరమ్మ.

"నాకెట్ల తెలుస్తదమ్మా?"

"అవ్, నీకు తెల్వది. పక్కన పండుకునేటోళ్ళు చెప్పాలె. ఎవరు పండుకుంటరు నీ పక్కన?"

 ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు. "ఎవ్వరు లేరు" అన్నాడు లాలు. ఆ రెండు మాటలూ నోటి నుంచి బయటికి వచ్చాక గానీ అవి ఎంత పెద్దవో అతనికి తెలియలేదు.

అతని చీలమండ మీద నల్లగా కాయకాచిన గీత ఒకటి చుట్టూ తిరిగి ఉంది. డాక్టరమ్మ అది చూసి, ఏమిటని అడిగింది. తాడు సంగతి చెప్పాడు. పంది తగలడం, కాలు గుంజడం, తాను కేక వేయడం, అంతా చెప్పాడు.

"పందుల జాడ ఎప్పుడన్న కనపడ్డదా చేన్ల?"

"లేదమ్మా. ఒక్కసారి గూడ."

"మరి తాడు ఎవరు గుంజుతున్నరు?"

లాలు తన కాలి వైపు చూసుకున్నాడు. వెంకటప్పయ్యగారు కూడా అదే కాలి వైపు చూశారు. బయట వార్డు బాయి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు. లాలుకు మెల్లగా చెవులు వేడెక్కాయి. ఏడెనిమిదేళ్ళుగా ఎవరిని చూసి అరుస్తున్నాడో అప్పుడు అర్థమైంది అతనికి.

డాక్టరమ్మ మంచి మనిషి, కానీ మాట గట్టిది. నిద్ర పట్టేటప్పుడు ఒక్కసారి కాలు ఉలిక్కిపడడం అందరికీ ఉంటుందట, దానికి దవాఖానా అక్కర్లేదట. అదే కాలు రాత్రంతా కాస్త కాస్త ఆగి, మళ్ళీ మళ్ళీ ఒకే తీరుగా ఎగురుతూ ఉంటే, దానివల్ల పక్కవాళ్ళ నిద్ర చెడితే, పగలు కునుకు ఆగకపోతే, అప్పుడు ఆలస్యం చేయకుండా రావాలట. "బండి మీద నుంచి పడ్డంక కాదు" అంది. నిద్రలో ఒళ్ళంతా బిగుసుకుపోవడం, నాలుక కొరుక్కోవడం, లేచి కలవరిస్తూ కొట్టడం లాంటివి ఉన్నాయేమో అడిగింది, అవి వేరే జబ్బులట. రక్తం తీయించింది, మూత్రపిండాలకూ చక్కెరకూ పరీక్షలు చేయించింది. అవి బాగానే ఉన్నాయి. రక్తంలో ఇనుము మాత్రం అడుగంటింది. చెప్పులు లేకుండా బురదలో తిరిగే కాళ్ళ వల్ల కడుపులో పాములు చేరి రక్తం పీల్చేస్తుండొచ్చని వాటికీ మందు ఇచ్చింది. జలుబు గోలీలు ఆ నిమిషం నుంచే బంద్ అంది. ఐరన్ గోలీ వేసుకునేటప్పుడు చాయ్ తాగొద్దని, నిమ్మకాయ పిండుకోమని, నెలల తరబడి ఓపిగ్గా వాడాలని, తగ్గకపోతే ఖమ్మం పంపిస్తానని, అక్కడ రాత్రంతా తీగలు పెట్టి నిద్ర చూసే మిషన్ ఉందేమో కనుక్కుంటానని చెప్పింది.

లాలు ఇవన్నీ విన్నాడో లేదో. "అమ్మా, గప్పుడు గూడ గిదేనా?" అన్నాడు.

"ఎప్పుడు?"

వెంకటప్పయ్యగారు చెప్పారు, పంచాయతీ సంగతి అంతా. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, "అయ్యుండొచ్చు" అంది. "నేను చూసిన దాన్ని కాదు. ఆమె చూసింది. తీసుకురా ఆమెను, నేను చెప్త."

ఆ సాయంత్రం లాలు వాగు దాటి తండాకు పోయాడు. మంగ్లి వాకిట్లో ఎండుమిరప కాయలు ఏరుతూ కూర్చుని ఉంది. అతని భుజానికి కట్టు చూసి చేతిలో కాయ చేతిలోనే ఆపింది. చెప్పాల్సిన మాట దారంతా నోట్లో సర్దుకుంటూ వచ్చాడు. కాలు తన్నింది, నేను తన్నలే, అని. తీరా ఎదురుగా నిలబడితే, ఆ రోజు చందూలాల్ నాయక్ ముందు నవ్విన నవ్వంతా చెవుల్లో మోగింది. ఇప్పుడొక సాకు దొరికిందా అని ఈమె కూడా నవ్వితే?

"దవాఖానాకు పోయిన" అన్నాడు.

"ఏమన్నరు?"

"రక్తం తక్కువుందట."

"మంచిగ తిను మరి" అంది మంగ్లి. ఆమె చేతిలో కాయ చిట్లి గింజలు రాలాయి. లాలు అది గమనించలేదు. మిరప ఘాటుకు కళ్ళలో నీళ్ళు వచ్చాయని తనకు తానే చెప్పుకుంటూ వెనక్కి తిరిగాడు.

గోలీలు మాత్రం మానలేదు. చాయ్ మానేశాడు, నిమ్మకాయ పిండుకున్నాడు, వెంకటప్పయ్యగారు కొనిచ్చిన చెప్పులు వేసుకుని బురదలో జారుతూ తిరిగాడు. సాయంత్రాలు పిక్కల్లో పాకుడు మెల్లగా నెమ్మదించింది. అయినా రాత్రి తాడు కాలికే కట్టుకునేవాడు. కట్టుకోకపోతే కాలు తనది కానట్టుండేది. ఇకనుంచి మేలుకుని చేత్తో లాగుతానని వెంకటప్పయ్యగారికి మాటిచ్చాడు. కొన్నాళ్ళు లాగాడు కూడా. కాలు ఎగిరినప్పుడు డబ్బాలు మోగితే, అది తన కాలేనని తెలిసి ఊరుకునేవాడు. కేక వేయడానికి సిగ్గేసేది.

కంకులు పాలు పోసుకున్నాయి. ఒక రాత్రి లాలు తాడు కాలికి కట్టుకుని, కాసేపు లాగుదామనుకుంటూనే పడుకున్నాడు. ఎన్నో ఏళ్ళకు వచ్చిన నిద్ర అది. కాలు కదలలేదు. కేక వేయలేదు. వాగు వైపు తాడు ఎప్పుడో చివికి తెగిపోయి ఉంది. డబ్బాలు ఎలాగూ మోగుతున్నాయి కదా అని ఎవరూ చూసుకోలేదు. ఆ వైపు నుంచి మొదటిసారి నిజమైన పందులు వచ్చాయి. చేలో మూడో వంతు తిని, తీరిగ్గా పోయాయి.

లాలు కళ్ళు తెరిచేసరికి ఎండ మంచె మీదికి వచ్చేసింది. కాళ్ళ దగ్గర ఎవరో కూర్చుని ఉన్నారు. మంగ్లి. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి, ఆరీ ఆరకుండా ఉన్నాయి, వాగులో అడ్డంగా నడిచి వచ్చినట్టుంది. చెప్పులు లేవు. అతని పాదం వైపు చూస్తూ కూర్చుంది.

"ఏందే, ఏమైంది?" అని లేవబోయాడు లాలు. "కళ్యాణికేమన్న..."

"డబ్బాలు మోగలే" అంది మంగ్లి. "పానం పోయిందేమో అనుకున్న."

లాలు లేచి కూర్చున్నాడు. "ఇనపడ్తయా నీకు? ఇంట్లకు?"

"ఇనపడకపోతే ఎట్ల పండుకుంట? దినాం అవి మోగినంకనే కన్ను మూస్త. ఉన్నడు అనుకుంట. రాత్రి ఎంతసేపు చూసినా మోగలే. తెల్లారేదాంక ఆగలేక వచ్చిన. వచ్చి చూస్తే గుర్రు పెడుతున్నవ్."

లాలు కింద చేను వైపు చూశాడు. మూడో వంతు మొక్కజొన్న నేలకరిచి ఉంది. కానీ ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేడని కూడా తెలిసింది. "పందులు కావు మంగ్లీ, ఇన్నేండ్లు" అన్నాడు. "నా కాలే గుంజింది తాడును. నిద్రల గట్ల ఎగురుతదట. జబ్బట. డాక్టరమ్మ చెప్పింది. మందులేసుకుంటె తగ్గింది, గందుకే రాత్రి..."

మంగ్లి అతని మాట మధ్యలోనే చెయ్యి ఎత్తి ఆపింది. ఏదో వింటున్నట్టు తల వంచింది. వినడానికి అక్కడ ఏమీ లేదు. ఆమె వింటున్నది పాత రాత్రుళ్ళను. ఒక్కసారి మోగి, కాస్త ఆగి, మళ్ళీ ఒక్కసారి. గాలికి మోగే డబ్బాల్లా ఎప్పుడూ గలగలమనలేదు అవి. ఒక దెబ్బ, కాస్త ఆగి, మళ్ళీ ఒక దెబ్బ. ఆ ఆగడం ఎంతసేపో ఆమె పిక్కలకు తెలుసు. పక్కన పడుకున్న రోజుల్లో రెండో దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలిసి కాళ్ళు ముడుచుకునేది.

"గట్లనే ఉండె" అంది.  "నన్ను తన్నినప్పుడు గూడ గట్లనే."



"అంటె నేను లేకున్నా తన్నుకుంటనే ఉన్నవ్" అంది మంగ్లి. "ఇన్నేండ్లు. ఒక్కనివే."

ఆమె వంగి అతని చీలమండకున్న ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిది, మంచుకు తడిసి బిగుసుకుంది. మిరప ఏరి ఏరి మండుతున్న వేళ్ళు అతని కాయకాచిన చర్మానికి తగిలాయి. లాలు కాలు వెనక్కి తీసుకోబోయాడు. ఆమె వదల్లేదు.

"తన్నిన మంగ్లీ" అన్నాడు లాలు. నలుగురి ముందు నిలబెట్టి ఎంత అడిగినా చెప్పని మాట, ఎవరూ అడగకుండానే వచ్చేసింది. "నాకు తెల్వలే. కానీ తన్నిన."

మంగ్లి ముడి విప్పి, తాడును మంచె కిందికి వదిలేసింది. దూరంగా ఎక్కడో డబ్బాలు ఒక్కసారి మోగి ఊరుకున్నాయి.